ఆదోనికి ఎన్ని సంవత్సరాదులు?

ఆదోనిలో కొత్త సంవత్సరం ఒక్కసారి వచ్చి ఊరుకోదు. డిసెంబరు 31 అర్ధరాత్రి కేకు కోసే కుర్రకారుకు జనవరి ఒకటి. పచ్చడి తిని పంచాంగం వినేవాళ్లకు ఉగాది. లక్ష్మీపూజ చేసి కొత్త ఖాతా పుస్తకం తెరిచే వ్యాపారికి దీపావళి. బ్యాంకు మేనేజరుకు ఏప్రిల్ ఒకటి, బడి పిల్లలకు జూన్. ఎద్దులకు రంగులు పూసి పరుగు పెట్టించే రైతుకు కార పున్నమి. ఇన్ని మొదళ్లలో ఏ మొదలుకు ముడివేస్తే మనం చేసుకున్న తీర్మానం నిలుస్తుంది? హాస్యానికి అడుగుతున్నట్టు అనిపించినా, మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు పాతికేళ్లుగా దీనిచుట్టూ గట్టి ప్రయోగాలే చేశారు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. కొత్త సంవత్సరం తీర్మానాలంటే సంక్రాంతి ముగ్గులకంటే ముందే చెరిగిపోతాయని అందరం నవ్వుకుంటాం. అమెరికాలో జాన్ నార్‌క్రాస్ బృందం 2002లో ప్రచురించిన పరిశీలన మరోలా చెప్పింది. జీవితంలో ఏదో ఒకటి మార్చుకోవాలని ఉన్నవాళ్లను రెండు జట్లుగా చూశారు. జనవరి ఒకటికి తీర్మానం చేసుకున్నవాళ్లు ఒక జట్టు, కోరిక ఉన్నా తీర్మానం చేసుకోనివాళ్లు రెండో జట్టు. ఆరు నెలలు గడిచాక మొదటి జట్టులో 46 శాతం మంది మాట మీద నిలబడ్డారు. రెండో జట్టులో 4 శాతమే. ఎవరి విజయం వాళ్లే చెప్పిన లెక్క కాబట్టి కొంత తగ్గించి చూడాలి. ఎంత తగ్గించినా తేడా మిగులుతుంది.

మరి ఏ రోజు? హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ఒక విశ్వవిద్యాలయ వ్యాయామశాల హాజరు పట్టీలు తిరగేశారు. వారం మొదట్లో, నెల మొదట్లో, పుట్టినరోజు తర్వాత రాకపోకలు పెరిగాయి. పాత తప్పులు పాత మనిషివి, ఈరోజు నుంచి నేను వేరు అని మనసు ఒక గీత గీసుకుంటుందని వాళ్ల వివరణ. దీనికి ‘తాజా ఆరంభ ప్రభావం’ అని పేరు పెట్టారు. ఆ పట్టీల్లో నన్ను ఆకట్టుకున్నది వేరే అంకె. కొత్త సంవత్సరానికి పెరిగిన రాక 12 శాతం లోపే. కొత్త సెమిస్టరు మొదలైనప్పుడు పెరిగింది దాదాపు 47 శాతం. జనవరి మొదట్లో కళాశాలలకు సెలవులన్న సంగతి ఇందులో కలిసే ఉంటుంది, నిజమే. అయినా గోడమీది క్యాలెండరు కంటే తన పని క్యాలెండరే మనిషిని గట్టిగా కదిలిస్తుందన్న అనుమానం మాత్రం బలపడుతుంది.

ఆ అనుమానాన్ని రైతుల పొలాల్లో పరీక్షించినట్టే ఉంటుంది కెన్యా ప్రయోగం. ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ పశ్చిమ కెన్యాలో మొక్కజొన్న రైతులతో ఏళ్ల తరబడి పనిచేశారు. ఎరువు వాడితే లాభమని ప్రదర్శన మడుల్లో కళ్లారా చూసిన రైతుల్లో దాదాపు 98 శాతం మంది వచ్చే పంటకు ఎరువు వేస్తామన్నారు. తీరా వేసింది 37 శాతం. వాళ్లు అబద్ధమాడలేదు, సోమరులూ కారు. పంట అమ్మిన డబ్బు ఎరువు వేసే అదను వచ్చేనాటికి ఫీజులకు, పెళ్లిళ్లకు, రోగాలకు కరిగిపోతోంది. అందుకని పరిశోధకులు ఉపదేశాలు కట్టిపెట్టి, పంట ఇంటికొచ్చిన వెంటనే ఊళ్లోకి వెళ్లారు. ఇప్పుడే డబ్బు కట్టండి, రవాణా ఖర్చు లేకుండా ఎరువు ఇంటికి చేరుస్తాం అన్నారు. అంత చిన్న సౌకర్యానికే వాడకంలో 47–70 శాతం మధ్య పెరుగుదల కనిపించింది. సీజను నడుమ సగం ధరకు ఎరువిచ్చినా దాదాపు అంతే ఫలితం వచ్చింది. 2011లో అచ్చయిన ఈ పరిశోధన రాసినవారిలో డుఫ్లో, క్రెమర్‌లకు 2019లో నోబెల్ వచ్చింది.

ఇంకా దగ్గరికొస్తే తమిళనాడు. ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ జావ్ అక్కడి 54 గ్రామాల్లో 464 మంది చెరకు రైతులకు పంటకు ముందు ఒకసారి, పంట తర్వాత ఒకసారి బొమ్మల చిక్కుముళ్లు ఇచ్చారు. అదే మనిషి, చేతిలో డబ్బు ఆడనప్పుడు తక్కువ విప్పాడు. డబ్బు చేతికొచ్చాక ఎక్కువ విప్పాడు. అప్పు ఎలా తీర్చాలన్న ఆలోచనే బుర్రలో సగం చోటు తినేస్తుందని వాళ్లు 2013లో రాశారు. లెక్కలు కట్టిన తీరుపై విమర్శలూ వచ్చాయి. కానీ పంటకు ముందటి నెలల్లో ఇంటాయన ముఖం చూసిన ఏ రైతు ఇంటి ఇల్లాలినడిగినా ఈ సంగతి చెబుతుంది.

ఇప్పుడు మన పడమటి కర్నూలు క్యాలెండరు తీద్దాం. జూన్, జూలైల్లో విత్తిన పత్తి అక్టోబరు నుంచి ఇంటికి రావడం మొదలై, జనవరి దాకా తీతలు సాగుతాయి. ఆ నెలల్లో ఆదోని మార్కెట్ యార్డు పత్తి బండ్లతో నిండిపోతుంది, జిన్నింగ్ మిల్లులు రాత్రీపగలూ ఆడతాయి. అంటే జనవరి ఒకటి పత్తి రైతుకు అనుకోకుండా మంచి ముహూర్తమే. చేతిలో కాసింత డబ్బుంటుంది, బుర్ర కాస్త తేలికపడి ఉంటుంది. అప్పులవాళ్లకూ ఆ సంగతి తెలుసు కాబట్టి వాళ్లూ అప్పుడే వస్తారు. ఆ డబ్బులో పిల్లల చదువుకో, బోరు మరమ్మతుకో కొంత పక్కన పెట్టాలన్న తీర్మానం యార్డులో పట్టీ అందుకున్న రోజే అమలు కావాలి. వారం ఆగితే కెన్యా కథే.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు కథ ఇంకోలా ఉంటుంది. అక్కడి చాలా కుటుంబాలు చలికాలంలో ఇంటికి తాళం వేసి, గుంటూరు వైపు మిరప కోతల వలసకు, ఇక్కడి మాటలో సుగ్గికి, వెళ్తాయి. జనవరి ఒకటిన వాళ్లుండేది ఎవరిదో చేలో వేసుకున్న గుడారంలో. ఆ రోజు వాళ్లకు పొదుపు గురించి, పిల్లల బడి హాజరు గురించి చెప్పే మాట గాలికి పోతుంది. సుగ్గి ముగించుకుని, కూలి డబ్బు మూటగట్టుకుని వాళ్లు ఊరు చేరేది ఉగాదికి. పొదుపు ఖాతాలు తెరిపించే బ్యాంకులు, బడి బయటి పిల్లల్ని వెతికే పంతుళ్లు, సంఘాల అక్కలు తమ జోరంతా ఆ వారంలో చూపించాలి. నూతన సంవత్సర కార్యక్రమం పేరుతో జనవరిలో తాళాలేసిన ఇళ్ల ముందు కరపత్రాలు పంచితే ఎవరికి లాభం?

డబ్బు కరిగిపోకముందే దాచడం ఎలా అన్నదానికి ఎమ్మిగనూరులో పాత జవాబొకటి ఉంది. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఆ ఊరికి పేరు తెచ్చింది. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. సహకార సంఘాల నేతకారులకు పొదుపు నిధి అని ఒక పథకం ఉంటుంది. కూలి లెక్క కట్టేటప్పుడే కొంత శాతం తీసి నేతకారుడి పేరున జమ చేస్తారు, ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. డబ్బు ముందు చేతికొచ్చి, తర్వాత దాచుకునే పని లేదు. నెలనెలా మనసుతో కుస్తీ తప్పుతుంది. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్‌జీ అమెరికాలో ఇదే సూత్రాన్ని ఇంకో మెలికతో వాడారు. ఇప్పటి జీతం ముట్టుకోం, వచ్చే ఇంక్రిమెంటు నుంచి కొంత పొదుపులోకి వెళ్లేట్టు ఈరోజే ఒప్పుకోండి అన్నారు. 40 నెలల్లో ఆ ఉద్యోగుల పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. ఇంక్రిమెంటు వచ్చే రోజు వాళ్ల సంవత్సరాది అయింది.

అందరి తీర్మానాలూ డబ్బు చుట్టూ ఉండవు. మన పట్టణాల్లో ఎక్కువగా వినబడేది ఒంటి గురించిన తీర్మానం, ఎక్కువగా భంగపడేదీ అదే. దానికి కారణం బొరుగుల ఉగ్గాని. ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ లేకుండా ప్లేటు ఇచ్చే హోటలు ఈ సీమలో ఉందా? ‘ఇకనుంచి బజ్జీ మానేస్తా’ అనుకున్నవాడు రోజూ ఆ వాసనతోనే పోరాడాలి. స్వీడన్‌లో వెయ్యి మందికి పైగా తీర్మానకర్తలను ఏడాది పాటు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఏదో మానేస్తామన్నవాళ్లలో 47 శాతం, ఏదో కొత్తగా చేస్తామన్నవాళ్లలో 59 శాతం గెలిచారు. కాబట్టి బజ్జీని దాని మానాన వదిలేసి, ఆదోనిలో రణమండల కొండ ఎక్కుతానని అనుకోవడం మేలు. అదీ ఎప్పుడో ఒకప్పుడు అంటే కుదరదు. పీటర్ గోల్‌విట్జర్ జర్మనీలో విద్యార్థులకు క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఎలా గడిచిందో రెండు రోజుల్లో రాసి పంపమన్నాడు. ఎక్కడ, ఎప్పుడు కూర్చుని రాస్తారో ముందే చెప్పినవాళ్లలో నలుగురికి సుమారు ముగ్గురు పంపారు. చెప్పనివాళ్లలో ముగ్గురికి ఒక్కరే. ‘శనివారం తెల్లారి టీ తాగిన వెంటనే చెప్పులేసుకుని కొండ మెట్ల దగ్గరికి’ అన్నది తీర్మానం. ‘ఆరోగ్యం చూసుకుంటా’ అన్నది ఉత్త కోరిక.

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందన్న మాట వాట్సాప్‌లో ప్రతి జనవరికీ తిరుగుతుంది. దాని మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. శస్త్రచికిత్స తర్వాత మారిన ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ‘కనీసం’ ఎక్కడో రాలిపోయింది, ముఖం సంగతీ రాలిపోయింది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి వేసిన అంచనాలో సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా సాగింది. ఒక రోజు తప్పితే అలవాటు ఏర్పడటంలో చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా తేలింది. పుష్య పున్నమికి ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరకు పోయి నడక ఎగ్గొట్టినవాళ్లు మర్నాడు మళ్లీ నడవవచ్చు.

ఇక శుభాకాంక్షలు. పెగ్గీ లియూ బృందం 2022లో వరుస ప్రయోగాలు చేసి చూపించిందేమంటే, చాన్నాళ్లుగా మాటల్లేని మనిషిని పలకరిస్తే అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారో పలకరించేవాళ్లు తక్కువగా అంచనా వేస్తారు. పలకరింపు ఎంత అనుకోనిదైతే ఆ సంతోషం అంత ఎక్కువ. గులాబీలు, సూర్యోదయాలు ఫోన్ నిండా వచ్చిపడే జనవరి ఒకటిన మన బొమ్మ కూడా వెళితే అందులో అనుకోనిది ఏముంది? సుగ్గికి వెళ్లిన చిన్నమ్మ వాళ్లకు సంక్రాంతి దాటాక ఏదో ఒక మంగళవారం ఫోన్ చేసి చూడండి. పగలు కోతల్లో ఉంటారు, రాత్రి ఎనిమిది దాటాకైతే ఎత్తుతారు.