తరిమెనపై స్వేచ్ఛ : లక్కబొమ్మల పనిని గూర్చి

కవికిని చిత్రకారునికిని గల స్వేచ్ఛ కొయ్యపనివానికి లేదనియు, అతడు తాతలనాటి రూపమునే తిరిగి తిరిగి చేయుచుండుననియు పలువురు తలంతురు. ఈ తలంపులో నిజమెంతయో తెలియుటకు లక్కబొమ్మ పుట్టు విధమును చూడవలెను.

లక్కపిడతలకు పేరుపొందిన ఏటికొప్పాక వరాహనది యొడ్డున నున్నది. 2022 నుండి అది అనకాపల్లి జిల్లాలో చేరినది. బెంగుళూరు-మైసూరు దారిలోని చెన్నపట్నపు బొమ్మలును ఇట్టివే. కర్ణాటకమందలి మనవారు వానిని బాగుగ నెఱుగుదురు. రెండుచోట్లను కఱ్ఱ యొక్కటే. మనము అంకుడందుము, కన్నడిగులు హాలె యందురు. అది తెల్లగను, మెత్తగను ఉండి ఉలికి లొంగును.

కొండపల్లి పద్ధతి వేఱు. అచట తెల్లపొణికి కొయ్యను చెక్కి, అవయవములను విడివిడిగా చేసి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికింతురు. తాడిచెట్టెక్కు గీతగాని మోకాలి వంపును సైతము ఆ శిల్పి చూపగలడు. తరిమెన పట్టువానికి ఆ యవకాశము లేదు. తిరుగుచున్న కొయ్యపై ఉలి మోపినచో వచ్చునది గుండ్రని రూపమే. ఏనుగైనను, పెండ్లికూతురైనను ఆ గుండ్రనమునుండియే పుట్టవలెను.

ఈ నిర్బంధమే అతని ఊహకు పని కల్పించును. ఏనుగు మేను కోడిగ్రుడ్డు. కాళ్లు నాలుగు పొట్టి స్తంభములు. గుండ్రని బిళ్లనొకదానిని రెండుగా కోసినచో చెవులగును. ఎచట సన్నము చేయవలెనో, ఎచట ఉబ్బు నిలుపవలెనో కంటికే తెలియవలెను.

రంగువేయుట మఱింత చిత్రము. కుంచె లేదు. రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న కొయ్యకు ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరగి అంటుకొనును. పిమ్మట మొగలియాకుతో ఒత్తి మెఱుగు పెట్టుదురు. ఒక పట్టెరంగు ప్రక్కరంగులోనికి ఎంత ప్రాకవలెనో ఆ క్షణమున చేయియే నిర్ణయించును. పసుపునుండి పచ్చన, జాఫ్రాగింజలనుండి నారింజవన్నె, నీలిమందునుండి నీలము తీయుదురు. రసాయనపు రంగులు వచ్చి వీనిని మూలబెట్టినవి. పిల్లలు నోట బెట్టుకొను వస్తువులపై అవి తగవు. మొక్కలరంగులను మరల వాడుకలోనికి తెచ్చిన చింతలపాటి వెంకటపతిరాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది.

కరెంటు మోటారు వలన కళ చెడినదనువారు కలరు. నేను సమ్మతింపను. తాడులాగు తరిమెనలో కొయ్య ఒకమాఱు ముందునకు, ఒకమాఱు వెనుకకు తిరుగును. ముందు తిరుగుడులో మాత్రమే ఉలి కోయును. తాడు లాగుటకు వేఱొక మనిషి కావలెను. మోటారు అతనిని ఆ చాకిరినుండి విడిపించినది. స్వేచ్ఛను హరించునది ఒకే కొలతలో వేయి గిన్నెలు కోరు వర్తకుని పట్టీ. అది కూడు పెట్టునన్నది నిజమే. కాని ఆ పట్టీ తీరువఱకు పనివాని చేయి తనది కాదు.

మఱియొక చిక్కు కఱ్ఱది. అంకుడు అడవిచెట్టు. పచ్చికఱ్ఱ ఆరునపుడు పగులును గనుక ముందుగా నీడ నార్చి, పిదప తరిమెన కెక్కింపవలెను. కొమ్మలు కొట్టిన మ్రాను మరల చిగిర్చును; వేళ్లతో పెకలించినచో ఆ యాశ లేదు. కఱ్ఱకు కఱవైన చోట క్రొత్త రూపమును ప్రయత్నించి నాలుగు తునకలు పాడుచేయుటకు పనివానికి ధైర్యము చాలదు.