గుండె బొమ్మ నేసే అయస్కాంతం

దాజీ పేట్‌లో సాంచాల చప్పుడు మధ్య పెరిగిన మీకు ఎం.ఆర్.ఐ. యంత్రం మోత పెద్ద వింతగా తోచదు. చెవులకు అడ్డం పెట్టినా టకటకమంటూనే ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే సగం భయం పోతుంది.

మన ఒంట్లో నీరు ఎక్కువ. ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు బుల్లి అయస్కాంతాల్లాంటివి. యంత్రంలోని పెద్ద అయస్కాంతం వాటిలో కొన్నింటిని ఒక వరుసకు తెస్తుంది. రేడియో తరంగాలతో కదిలిస్తే, తిరిగి సర్దుకుంటూ సన్నని సంకేతం ఇస్తాయి. ఆ సంకేతంతో బొమ్మ తీయవచ్చని పాల్ లాటర్‌బర్ 1973లో చూపాడు. ఆయనకూ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు.

మోకాలైతే కదలకుండా ఉంచవచ్చు. గుండెను ఆపలేం కదా! అందుకని ఛాతీకి ఇ.సి.జి. తీగలు అంటించి, ప్రతి స్పందనలోనూ ఒకే దశలో కొన్ని వరుసల సమాచారం తీసుకుంటారు. పేక మీద పేక పడి చద్దరు తయారైనట్టు, ఎన్నో స్పందనల వరుసలు చేరి ఒక బొమ్మ అవుతుంది. కాసేపు ఊపిరి బిగబట్టమనేది అందుకే. నడుమ దగ్గారా, పోగు తెగినట్టే. ఆ బొమ్మ మళ్లీ తీయాలి.

ఇది గుండె నొప్పి అన్న ప్రతివారికీ చేసే పరీక్ష కాదు. ముందు ఇ.సి.జి., ఎకో చూస్తారు. గుండెపోటు తర్వాత కండరం ఎంత మచ్చ కట్టింది, ఎంత బతికి ఉంది అని తేల్చడంలో మాత్రం దీనికి సాటి వచ్చేవి తక్కువ. అందుకు గడోలినియం అనే మందు నరానికి ఎక్కిస్తారు. మూత్రపిండాల జబ్బుంటే ముందే చెప్పాలి. బీడీలు కాల్చి కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినవారికి, పూడిక ఎక్కడుందో కూడా ఇది చూపగలదు.

అసలు జాగ్రత్త ఇనుముతో. 1.5 టెస్లా యంత్రం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30,000 రెట్లు. స్కానింగు జరగని వేళ కూడా అది లాగుతూనే ఉంటుంది. సాంచాలు బాగుచేసే అన్నలారా, గ్రైండరు పట్టినప్పుడు ఎప్పుడైనా కంట్లో ఇనుప రవ్వ పడిందా? పదేళ్ల కిందటిదైనా సరే, చెప్పండి. ఆ రవ్వ కదిలితే చూపే పోవచ్చు. పేస్‌మేకరు, స్టెంటు ఉంటే వాటి కార్డు వెంట తీసుకెళ్లండి. చాలామందికి పరీక్ష చేయవచ్చు గానీ, ఆ మాట చెప్పాల్సింది డాక్టరు.

అమ్మలకు ఒక మాట. మంగళసూత్రం తీయడానికి మనసొప్పదు, నిజమే. కానీ గొలుసు సరిగ్గా గుండె మీదే ఉంటుంది, బొమ్మ పాడవుతుంది. ఆ కాసేపూ మెడలో పసుపు దారం వేసుకోండి, దానితో యంత్రానికి ఏ ఇబ్బందీ లేదు.