గుర్రపు పిల్ల తోకను కడిగి చిక్కుతీయు విధానము

మోటారు బండ్లు ప్రబలిన పిమ్మట మన పట్టణములందు జట్కాలు కనుమరుగైనవి. అయినను గుర్రముతో మన గ్రామములకు గల సంబంధము తెగిపోలేదు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో సరియైన బాట చేరని కొండ గ్రామములు ఇంకను కలవు. అచ్చటి గిరిజనులు సంతకు కొనిపోవు సరకును, సంతనుండి తెచ్చుకొను బియ్యమును, ఉప్పును గుర్రము వీపుపై వేసి నడిపించుచున్నారు. మైదానములందు పెండ్లి ఊరేగింపులకు గుర్రమును పెంచి జీవించు కుటుంబములును కలవు. అట్టి ఇంట గుర్రము మూలబడినచో ఆ ఇంటి రాబడియు మూలబడినట్లే. కనుక దాని పోషణను గూర్చి పంచాయతీ సభ్యులు కొంత తెలిసికొనియుండుట అవసరము.

ఒక కొండ గ్రామమున మేము చూచిన సంగతి చెప్పెదము. పండ్రెండేండ్ల బాలుడొకడు రెండేండ్ల గుర్రపు పిల్ల వెనుక నిలిచి, చిక్కుపడిన తోకను దువ్వెనతో మొదటినుండి బలముగా లాగుచుండెను. పిల్ల ఒక్క తన్ను తన్నెను. అదృష్టవశమున ఆ తన్ను బాలునికి తగులక, ప్రక్కనున్న బొక్కెనకు తగిలి అది సొట్టపడెను. "దీనికి పొగరు" అని బాలుడు కఱ్ఱ ఎత్తగా, అతని తాత వారించి, "పొగరు కాదురా, నొప్పి" అనెను. ఆ ముసలివాని మాటలోనే ఈ విషయమంతయు ఇమిడియున్నది.

తోక గుర్రమునకు కేవలము అలంకారము కాదు. అది దాని విసనకఱ్ఱ. జోరీగలను, దోమలను తోలుకొనుటకు దానికి అది ముఖ్య సాధనము. జోరీగలు రక్తము పీల్చుటయేగాక, ప్రాణాంతకమైన సర్రా వ్యాధిని ఒక పశువునుండి మరియొక పశువునకు చేర్చును. పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు, బురద పట్టి గడ్డకట్టిన తోక త్రాటివలె వ్రేలాడునేగాని విసనకఱ్ఱవలె విప్పారదు. చిక్కు తీయలేక కత్తిరించివేసినచో నష్టము ఇంకను ఎక్కువ. తోక వెండ్రుకలు మెల్లగా పెరుగును. పోయిన తోక తిరిగి నిండుటకు ఏండ్లు పట్టును.

తోకను ముట్టుటకు ముందు పిల్లకు మచ్చిక కావలెను. గుర్రమునకు తన వెనుక నిలిచినవాడు కనబడడు. కావున ఎన్నడును నేరుగా వెనుక నిలువరాదు. ఇంటివారిలో ఒకరు తలత్రాడు పట్టుకొనవలెను. కడుగువాడు అదే ప్రక్కను, తుంటికి ఆనుకొని నిలువవలెను. మెడమీద చేయి వేసి, మాటాడుచు, వీపుమీదుగా తోకవరకు నిమురవలెను. మొదటి దినములలో ఇంతటితో విడిచిపెట్టినను మేలే. తోకను పట్టనిచ్చుటకు ఇప్పుడు అలవాటుపడిన పిల్ల, పెద్దదైన పిమ్మట పశువైద్యునికిని బెదరక నిలుచును. పనిని పిల్లవాండ్రకు మాత్రము ఒంటరిగా అప్పగింపరాదు.

కడుగుటకు ముందే చిక్కు తీయవలెను. తడిసిన చిక్కు మరింత బిగియును. తడి వెండ్రుక సాగి తెగును. ముందుగా ముళ్ళను, గింజలను వ్రేళ్ళతో ఏరివేయవలెను. ముడి ఉన్నచోట రెండు మూడు చుక్కల కొబ్బరినూనె రాచి, కొన్ని కొన్ని వెండ్రుకలుగా విడదీయవలెను. పిమ్మట కురులను పిడికిట పట్టుకొని, పిడికిటికి దిగువ భాగమును మాత్రమే వెడల్పు పండ్ల దువ్వెనతో దువ్వవలెను. కొననుండి ఆరంభించి క్రమముగా పైకి పోవలెనేగాని, మొదటినుండి క్రిందికి లాగరాదు. పిడికిట పట్టినచో లాగుడు చర్మమునకు తగులదు.

నీటిని ఒక్కసారిగా తోకపై కుమ్మరించినచో పిల్ల బెదరును. ముందు కాళ్ళపై, తరువాత తుంటిపై, అటుపిమ్మట తోకపై కొద్దికొద్దిగా పోయవలెను. కుంకుడుకాయ రసముగాని, మృదువైన సబ్బుగాని చాలును. బట్టల సోడా పనికిరాదు. తోక మొదట చర్మమును వ్రేళ్ళతో మెల్లగా రుద్దవలెను. నురుగు మిగిలినచో దురద పుట్టును గనుక నీరు తేటపడువరకు కడుగవలెను. ఎండ ఉన్నప్పుడు కడిగి, ఆరిన పిమ్మట మరియొకసారి వ్రేళ్ళతో విడదీసిన చాలును. ఊరేగింపుల కొరకు తోక మొదట దారములు, గుడ్డలు బిగించి కట్టుట మానవలెను. అందువలన రక్తప్రసారము నిలిచి తోకకే ముప్పు వాటిల్లును.

పిల్ల మాటిమాటికి తోకను గోడకో, చెట్టుకో రాచుకొనుచున్నచో కడుగుటతో సరిపుచ్చరాదు. కడుపులోని నులిపురుగులుగాని, పేలు, గోమార్లుగాని కారణము కావచ్చును. తోక క్రింద చీలికలు, పుండ్లు ఉన్నచో ధనుర్వాతము సోకవచ్చును. ఆ వ్యాధికి గుర్రము మిక్కిలి తేలికగా లోబడును; దాని బీజములు మట్టిలోను, పేడలోను ఉండును. నాటుమందులతో కాలయాపన చేయక పశువైద్యశాలకు తెలుపవలెను.

ఇందు పంచాయతీ చేయగల పనులు మూడు. పశువులను కడుగుటకు త్రాగునీటి చెరువుకు దూరముగా ఒక తొట్టిని, మురుగు పోవు కాలువను ఏర్పాటు చేయుట మొదటిది. లద్దెను, పేడను కొట్టముల చెంత ప్రోగుపడనీయక వారములోపుగా ఎరువు గుంటకు చేర్పించుట రెండవది. వేసవిలో ఈగ గ్రుడ్డు 7 మొదలు 10 దినములలో ఈగయై ఎగురును. పశువైద్యుడు గ్రామమునకు వచ్చు దినమును ముందుగా చాటించి, గుర్రముల యజమానులను పిలిపించుట మూడవది. తోకను కోయుట వంటి అంగచ్ఛేదనము 1960 నాటి జంతువులపట్ల క్రూరత్వ నివారణ చట్టము ప్రకారము నేరమగునని కూడ తెలియజెప్పవలెను.

వీనికి కావలసిన ధనము స్వల్పము, కావలసినది ఓర్పు. మేము మరల ఆ గ్రామమునకు పోయినప్పుడు ఆ బాలుడు పిల్ల ప్రక్కన నిలిచి, తోకను పిడికిట పట్టి, కొననుండి చిక్కు తీయుచుండెను. తాత తలత్రాడు పట్టుకొనియుండెను. పిల్ల చెవులు వాల్చి నెమ్మదిగా నిలిచియుండెను. ఆనాడు సొట్టపడిన బొక్కెనలోనే వారు నీరు తెచ్చుకొనిరి.