బడిపంతులి బంగారు జట్టు

ఆసియా క్రీడల్లో రెండుసార్లు స్వర్ణం నెగ్గిన భారత ఫుట్‌బాల్ ఆ తర్వాత చాలా కప్పులే గెలిచింది. ఆ స్థాయిని మాత్రం మళ్లీ అందుకోలేదు. ఎందుకో తెలియాలంటే హైదరాబాద్ వైపు చూడాలి.

1962 సెప్టెంబర్ 4. జకార్తాలోని సెనయన్ స్టేడియం కిక్కిరిసిపోయింది. దాదాపు లక్షమంది ప్రేక్షకులు. వారిలో అత్యధికులు కోరుకున్నది ఒక్కటే, భారత్ ఓడిపోవాలి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండొనేసియా వీసాలు నిరాకరించడాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలోని భారత సభ్యుడు జి.డి.సోంధీ తప్పుబట్టారు. అలాంటి పోటీలకు ఆసియా క్రీడలన్న పేరు తగదన్నారు. దాంతో రెచ్చిపోయిన జనం భారత రాయబార కార్యాలయంపైనే దాడికి దిగారు. ఫుట్‌బాల్ ఫైనల్ రోజున మన జాతీయ గీతం ఈలలు, కేకల్లో కలిసిపోయింది.

ప్రత్యర్థి దక్షిణ కొరియా. అదే టోర్నీ తొలి మ్యాచ్‌లో భారత్‌ను 2-0తో ఓడించిన జట్టు. పైగా మన రక్షణ శ్రేణికి వెన్నెముక వంటి జర్నైల్ సింగ్ తలకు థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో గాయమైంది, కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరం నుంచి అప్పుడే కోలుకున్నాడు. కోచ్ ఇద్దరినీ ఆడించారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను వెనక నిలపకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్ కొట్టాడు. మరో మూడు నిమిషాలకే జర్నైల్ రెండో గోల్ వేశాడు. కొరియా ఆట ముగిసే వేళకు ఒక్క గోల్ మాత్రమే తిరిగి ఇవ్వగలిగింది. 2-1తో స్వర్ణం భారత్‌దే.

మైదానం పక్కన నిలబడి ఇదంతా చూసిన కోచ్ పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఊరు హైదరాబాద్. ఊపిరితిత్తుల క్యాన్సర్ అప్పటికే ఆయనను తినేస్తోంది. తనకు కానుకగా ఆ స్వర్ణం తెచ్చిపెట్టమని మ్యాచ్‌కు ముందు ఆయన అడిగినట్లు ఆటగాళ్లు తర్వాతి కాలంలో గుర్తుచేసుకునేవారు. వారు ఇచ్చారు. తొమ్మిది నెలలు తిరిగాక, 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ మళ్లీ ఫైనల్ మెట్టు కూడా ఎక్కలేదు.

బూట్లు లేని కాలం

స్వతంత్ర భారతం ఫుట్‌బాల్‌లో తొలి అడుగులు వేసింది దాదాపు ఒట్టి కాళ్లతోనే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఎక్కువమంది ఆటగాళ్లు బూట్లు లేకుండానే దిగారు. రెండు పెనాల్టీలు చేజార్చుకుని ఫ్రాన్స్ చేతిలో 1-2తో ఓడినా లండన్ ప్రేక్షకుల మనసు దోచారు. 1950 ప్రపంచ కప్‌లో ఆడే అవకాశం వచ్చినా జట్టు బ్రెజిల్ వెళ్లలేదు. బూట్లు లేకపోవడమే కారణమన్న కథ జనంలో బాగా నాటుకుపోయింది. కానీ అసలు సంగతి వేరు. సుదీర్ఘ సముద్ర ప్రయాణం, ఖర్చు, అన్నిటికీ మించి ప్రపంచ కప్ కన్నా ఒలింపిక్సే గొప్పవన్న సమాఖ్య పెద్దల నమ్మకం ఆ నిర్ణయానికి దారితీశాయి.

మొదటి పెద్ద విజయం సొంతగడ్డపైనే దక్కింది. 1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు. సైలెన్ మన్నా కెప్టెన్, రహీమ్ కోచ్. ఇండొనేసియా, అఫ్ఘానిస్థాన్‌లను 3-0 తేడాతో మట్టికరిపించిన భారత్, ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించింది. ఆ ఏకైక గోల్ సాహు మేవాలాల్‌ది. మరుసటి ఏడాదే నేల మీదికి రావాల్సి వచ్చింది. హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1తో చితకబాదింది. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

రహీమ్‌కు మాత్రం హెల్సింకీ మరో పాఠం నేర్పింది. అక్కడ స్వర్ణం గెలిచిన హంగరీ ఆటను ఆయన శ్రద్ధగా గమనించారు. సెంటర్ ఫార్వర్డ్ గోల్ ముందే కాచుకుని కూర్చోకుండా వెనక్కి వచ్చి ఆటను నడిపించే పద్ధతిని మన కుర్రాళ్లకు నేర్పారు. నాలుగేళ్లకు ఫలితం కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. అక్కడ యుగోస్లావియా, కాంస్యం కోసం జరిగిన పోరులో బల్గేరియా అడ్డుకోవడంతో నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. 1960లో రోమ్‌లో పీకే నాయకత్వాన ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించింది.

పోలీసు జట్టు పాఠశాల

రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. హైదరాబాద్ పాఠశాలల్లో పిల్లలకు చదువు చెబుతూనే ఆట నేర్పేవారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. బంతిని కాళ్ల దగ్గరే అట్టిపెట్టుకునే అలవాటు మాన్పించడానికి ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నీలు పెట్టేవారు. బంతి అందగానే ఒకే తాకుతో మరొకరికి ఇచ్చేయాలి. కుడికాలు వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే కొట్టాల్సిన పోటీలూ ఉండేవి. చిన్నపిల్లల ఆటల్లా కనిపించే ఈ నియమాల వెనక లెక్క ఉంది. ఐరోపా ఆటగాళ్ల బలాన్ని మనవాళ్లు ఢీకొట్టలేరు కాబట్టి బంతినే వారికన్నా వేగంగా పరుగెత్తించాలి.

ఆయన ప్రయోగశాల హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే. డ్యూరాండ్ కప్ కూడా నాలుగుసార్లు గెలిచింది. కోల్‌కతా క్లబ్బులదే రాజ్యం అనుకునే రోజుల్లో దక్కన్ నుంచి వచ్చిన పోలీసులు దేశాన్ని శాసించారు. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్ వంటివారు ఈ గడ్డ నుంచే జాతీయ జట్టులోకి నడిచారు. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరామ్ పీకే, చునీ గోస్వామిలతో కలిసి భారత ఫుట్‌బాల్ చూసిన అత్యుత్తమ త్రయంలో ఒకడయ్యాడు. జకార్తాలో జపాన్‌పై నెగ్గిన 2-0 మ్యాచ్‌లో ఒక గోల్ అతనిదే. తంగరాజ్ సైతం హైదరాబాద్‌లో పుట్టినవాడే.

పంతులు పోయాక

రహీమ్ మరణించిన వెంటనే జట్టు కుప్పకూలలేదు. ఆయన తీర్చిదిద్దిన తరం 1964లో ఇజ్రాయెల్‌లో నాలుగు జట్లతో జరిగిన ఆసియా కప్‌లో రన్నరప్‌గా నిలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ సారథ్యంలో జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చింది. 1974లో మరో హైదరాబాదీ షబ్బీర్ అలీ కెప్టెన్‌గా యువజట్టు ఆసియా టైటిల్‌ను ఇరాన్‌తో పంచుకుంది. ఆ తర్వాత దీపాలు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి.

ఇక్కడే జపాన్‌ను చూడాలి. 1962లో మన చేతిలో ఓడిన ఆ దేశం 1960లోనే జర్మన్ కోచ్ డెట్‌మార్ క్రామర్‌ను పిలిపించుకుంది. 1965లో జాతీయ లీగ్ పెట్టుకుంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. కొరియా 1983లో ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టి, 2002 ప్రపంచ కప్‌లో సెమీస్ చేరింది. మనకు జాతీయ లీగ్ వచ్చింది 1996లో. మన దేశవాళీ మ్యాచ్‌లు చాలాకాలం 70 నిమిషాలకే ముగిసేవి. 90 నిమిషాలు ఆడే జట్ల ముందు చివరి ఇరవై నిమిషాల్లో మన కాళ్లు బరువెక్కడంలో వింతేముంది? రహీమ్ పద్ధతులను ఓ పుస్తకంగానో, కోచ్‌ల శిక్షణ సంస్థగానో మార్చే ప్రయత్నం ఎవరూ చేయలేదు. పాఠమంతా ఒక్క మనిషి బుర్రలో ఉండేది. ఆయనతోనే పోయింది.

కప్పులకు కొదవ లేదు

గెలుపుల పట్టిక చూస్తే అంత దిగులుగా అనిపించదు. 1993 నుంచి 2023 దాకా దక్షిణాసియా టైటిల్‌ను భారత్ తొమ్మిదిసార్లు గెలిచింది. బాబ్ హౌటన్ శిక్షణలో 2007లో సిరియాను 1-0తో ఓడించి నెహ్రూ కప్ నెగ్గింది. 2009, 2012లలోనూ ఆ కప్ మనదే. 2008లో ఢిల్లీ అంబేద్కర్ స్టేడియంలో తజకిస్థాన్‌ను 4-1తో చిత్తుచేసి ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ అందుకుంది. సునీల్ ఛెత్రి ఆ మ్యాచ్‌లో హ్యాట్రిక్ కొట్టాడు. ఆ విజయంతోనే 27 ఏళ్ల తర్వాత, 2011లో ఆసియా కప్ ఆడే అర్హత దక్కింది.

కానీ ఆ ఆసియా కప్‌లో ఏం జరిగింది? ఆస్ట్రేలియా నాలుగు, బహ్రెయిన్ ఐదు, దక్షిణ కొరియా నాలుగు గోల్స్ కొట్టాయి. మూడు మ్యాచ్‌లూ ఓటమే. 2024 జనవరిలో ఖతర్‌లో మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా చేయలేకపోయింది. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ రూపంలో చాన్నాళ్లకు స్వదేశీ కోచ్ వచ్చాడు. అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడటంతో 2027 ఆసియా కప్ ఆశలూ ఆవిరయ్యాయి. పొరుగువారిపై గెలుపు అలవాటైంది. ఖండంలోని పెద్ద జట్లను కొట్టడం మాత్రం మర్చిపోయాం.

పీకే, చునీ 2020లో వెళ్లిపోయారు. అనారోగ్యంతో ముప్ఫయ్యేళ్లు నిండకుండానే బూట్లు విప్పేసిన బలరామ్ 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. 2024 ఏప్రిల్‌లో అజయ్ దేవగణ్ నటించిన 'మైదాన్' విడుదలయ్యాక గానీ రహీమ్ ఎవరో కొత్త తరానికి తెలియలేదు. హైదరాబాద్‌లో కూడా చాలామంది ఆయన పేరు వినడం అదే మొదటిసారి.

సినిమా వచ్చిన అయిదు నెలలకు జాతీయ జట్టు హైదరాబాద్‌కే వచ్చింది. గచ్చిబౌలి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్. పోటీలో ఉన్నవి మూడే జట్లు. మారిషస్‌తో ఒక్క గోల్ కూడా లేకుండా డ్రా. సిరియాతో 0-3 ఓటమి. ఎడమకాలితో బంతి కొట్టడం పిల్లలకు ఒక పంతులు ఓపిగ్గా నేర్పిన ఊళ్లోనే, సొంత ప్రేక్షకుల ముందే, రెండు మ్యాచ్‌ల్లో భారత్ ఒక్క గోల్ కూడా కొట్టకుండా వెనుదిరిగింది.