డివిడెండు ఏడాదికి ఎన్నిసార్లు తీస్కోవాలె?

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టిన పల్లె పోరలు ఈమధ్య నన్ను అడుగుతున్న మాట ఒక్కటే. "అన్నా, లాభం నెలనెలా పంచుకోవచ్చునా?" కంది పప్పు మిల్లు నడిపేటోళ్లు, చేన్లకు మందు కొట్టే డ్రోన్లు కిరాయికి తిప్పేటోళ్లు, అందరిదీ ఇదే ప్రశ్న. నేను సీఏ చదివినోన్ని కాదు. కూలీల బకాయిల పంచాయితీలల్ల తిరుగుకుంటనే బ్యాలెన్స్ షీటు చదువుడు నేర్చుకున్న. అందుకే నాకు ఈ ముచ్చట కూలోని దిక్కుకెల్లి కనబడ్తది.

ముందు చట్టం సంగతి. కంపెనీల చట్టం, 2013 ఏమంటదంటే, డివిడెండు లాభంల నుంచే ఇయ్యాలె. అదిగూడ మిషన్ల తరుగుదల తీసేసినంక మిగిలిన లాభం. పాత ఏండ్ల లాభం దాసిపెట్టి ఉంటే దాంట్లకెల్లి గూడ ఇయ్యొచ్చు. ఏడాది లెక్కలు తేలినంక వాటాదార్ల సాధారణ సమావేశంల ఆమోదించేది ఫైనల్ డివిడెండు. ఏడాది నడుమల బోర్డు తీర్మానం చేసి ఇచ్చేది మధ్యంతర డివిడెండు. ఈ మధ్యంతరం ఇన్నిసార్లే అని చట్టంల లెక్క లేదు. అంటే మూడు నెలలకోసారి తీస్కున్నా తప్పు కాదు. కానీ తప్పు గానిదంతా చెయ్యదగ్గదేం కాదు గదా!

పప్పు మిల్లునే చూడుండ్రి. కందులు జనవరి, ఫిబ్రవరిల వస్తయి. చేతిల ఉన్న పైసలన్నీ పెట్టి మిల్లోళ్లు సరుకు కొంటరు. మార్చి 31కి లెక్క కడితే లాభం కనబడ్తది గని, ఆ లాభం బ్యాంకుల ఉండది, గోదాంల బస్తాల రూపంల ఉంటది. అప్పుడు డివిడెండు ప్రకటిస్తే ఏడికెల్లి తెచ్చి ఇస్తరు? బ్యాంకు ఓడీ గీకుతరు. వడ్డీకి తెచ్చి లాభం పంచుకున్నట్టాయె. డ్రోనోళ్లది ఇంకో తీరు. వానాకాలంల చేతినిండ పైస ఆడుతది, ఎండకాలం ఖాళీ. బ్యాటరీలు కొన్ని వందల చార్జింగులకే దమ్ము తప్పుతయి, కొత్తయి కొనాలె. ఆగస్టుల వచ్చిన పైసలన్నీ దసరాకు పంచుకుంటే వచ్చే సీజనుకు బ్యాటరీ ఎవడిస్తడు? కల్లంల వడ్లు పోసినంక మన పెద్దలు కూలోల్ల గింజలు, ఇత్తునాల గింజలు పక్కకు పెట్టినంకనే ఇంటికి బండి కట్టేది.

ఖాతాల కనబడే పైసలు సుత అన్నీ కంపెనీవి గావు. జీఎస్టీ సర్కారుది. పీఎఫ్ కోత పనోనిది. రైతుకు ఇయ్యాల్సిన బాకీ రైతుది. ఓ ఊర్ల నేను చూసిన సంగతి చెప్త. ముగ్గురు వాటాదార్లు పండుగ ముంగట లాభాలు పంచుకున్నరు, హమాలీలకు రెండు నెలల కూలి ఆపిండ్రు. అడిగితే, "కంపెనీల పైసల్లెవ్వు" అన్నరు. నిజమే, లెవ్వు. వీళ్ల జేబులల్ల ఉన్నయి!

మరి ఇల్లు ఎట్ల గడవాలె? కంపెనీల పని చేసే ఓనరు జీతం తీస్కోవాలె. జీతం కంపెనీకి ఖర్చు కింద పోతది, డివిడెండు పోదు. 2025-26 లెక్కలల్ల చూద్దాం. కంపెనీకి 10 లక్షలు మిగిలినయనుకో. 22 శాతం పన్ను పద్ధతి ఎంచుకున్నా, సర్‌చార్జి, సెస్సు కలిపితే 25.17 శాతం, అంటే రెండున్నర లక్షలకు పైన పోతది. మిగిలిన ఏడున్నర లక్షల లోపే డివిడెండు వస్తది. అదే 10 లక్షలు, చేసిన పనికి తగ్గ జీతంగ తీస్కుంటే, వేరే ఆదాయం లేనోనికి కొత్త పద్ధతిల పన్నే పడది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు పన్ను కంపెనీ మీద తీసేసి తీస్కునేటోని మీద పెట్టిండ్రు గనుక, ఆదాయం ఎక్కువున్నోనికి రెండో దెబ్బ గూడ తగులుతది.

ఇంకో మాట. నలుగురు దోస్తులు సమాన వాటాలు పెట్టుకుంటరు, మిల్లుల ఒక్కడే చెమటలు కారుస్తడు. డివిడెండు వాటా చూస్తది, చెమట చూడది. దోస్తానాలు చెడేది గిక్కడనే. పనికి జీతం, పెట్టుబడికి డివిడెండు అని మొదటి రోజే కాయితం మీద రాసుకోండ్రి.

"డివిడెండు వద్దు, అడ్వాన్సు లెక్క తీస్కుంటం" అనే తెలివిమంతులు గూడ ఉన్నరు. పది శాతం, అంతకన్నా ఎక్కువ ఓటు వాటా ఉన్నోడు ప్రైవేటు కంపెనీల అప్పు తీస్కుంటే, కంపెనీల పోగైన లాభం మేరకు దాన్ని డివిడెండు కిందనే లెక్కగట్టి పన్నేస్తరు. తర్వాత తిరిగి కట్టినా ఆ పన్ను పోదు.

నన్నడిగితే జీతం నెలకోసారి, డివిడెండు ఏడాదికోసారి, లెక్కలు తేలినంకనే. మార్చితోని ఏడాది ముగిసే కంపెనీ సాధారణ సమావేశం మామూలుగ సెప్టెంబర్ 30 లోపల పెట్టుకోవాలె, అదే సరైన అదను. మూడేండ్లు నిలదొక్కుకుని, వచ్చే ఆరు నెలల కూలీ, కిస్తీలు, సరుకు ఖర్చు పక్కకు పెట్టినంక ఇంక మిగిలితే మధ్యంతరం ఒకటి తీస్కోండ్రి. ప్రకటించినంక మాత్రం అయిదు రోజులల్ల ఆ పైస వేరే బ్యాంకు ఖాతాల వెయ్యాలె, ముప్పై రోజులల్ల వాటాదారుకు ముట్టాలె. లేటయితే 18 శాతం వడ్డీ కట్టాలె. చేతికి నగదు ఇచ్చుడు గూడ కుదరది, చెక్కో ఆన్‌లైనో ఉండాలె.