మర్దనతో నొప్పి తగ్గుతుంది.. కండ పెరగదు

బరువులెత్తే యువత తెలుసుకోవలసిన విషయాలు

నెల్లిమర్ల: చాలా రోజుల విరామం తరువాత వంద బస్కీలు తీసిన యువకుడికి ఆ సాయంత్రం పెద్దగా ఏమీ అనిపించదు. మరుసటి ఉదయం మెట్లు దిగబోతే తొడలు సహకరించవు. మూడో రోజుకు బాధ మరింత ముదురుతుంది. అప్పుడు నూనె రాసి మర్దన చేయించుకుంటే ఒళ్లు తేలికపడుతుంది. ఆ హాయిని చూసి మర్దన వల్లనే కండలు పెరుగుతాయని, ఎంత గట్టిగా పిసికితే అంత మేలని, దెబ్బ తగిలినా మాలిష్ చేస్తే సరిపోతుందని చాలామంది నమ్ముతున్నారు. వీటిలో మొదటి రెండూ నిజం కావు. మూడోది ప్రమాదకరం.

బరువులెత్తే విద్య ఉత్తరాంధ్రకు కొత్త కాదు. మల్లయోధుడు కోడి రామమూర్తి జన్మించిన వీరఘట్టం, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించిన కరణం మల్లీశ్వరి స్వగ్రామం ఊసవానిపేట ఈ ప్రాంతంలోనివే. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ ఎందరో లిఫ్టర్లను అందించింది. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలుచుకున్నారు. ఇటువంటి గ్రామాల్లో సామాన్య కుటుంబాల పిల్లలకు బరువులెత్తడం ఒక బతుకుదెరువు కూడా. కండరం చిరిగిన సంగతి గుర్తించక మర్దనతో కాలం గడిపితే ఆ ఏటి పోటీలతోపాటు క్రీడా కోటాలో ఉద్యోగ అవకాశమూ చేజారవచ్చు.

నొప్పి ఎందుకు వస్తుంది?

వ్యాయామం తరువాతి నొప్పికి కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లమే కారణమని, మర్దన దానిని బయటకు తోలేస్తుందని పూర్వం చెప్పేవారు. అది సరికాదు. శ్రమ ఆగిన గంట, రెండు గంటల్లోనే లాక్టేట్ సాధారణ స్థాయికి చేరుతుంది. నొప్పి మాత్రం 24 నుంచి 72 గంటల మధ్య తీవ్రమవుతుంది. అలవాటు లేని శ్రమ వల్ల, ముఖ్యంగా బరువును నెమ్మదిగా దించేటప్పుడు, కండర తంతువుల్లో సూక్ష్మమైన చిరుగులు ఏర్పడతాయి. వాటిని బాగుచేసే క్రమంలో వాపు ప్రక్రియ మొదలవుతుంది. నొప్పి అందులో భాగమే. సాధారణంగా ఇది వారంలోపే దానంతట అదే తగ్గుతుంది.

పరిశోధనలు తేల్చినవి

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే పది నిమిషాలు మర్దన చేయించారు. తరువాత రెండు తొడల నుంచి కండర నమూనాలు తీసి పోల్చారు. మర్దన చేసిన కాలిలో వాపు సంకేతాలు తగ్గాయి. లాక్టేట్‌లో మాత్రం తేడా కనిపించలేదు.

వ్యాయామానంతరం పాటించే పలు పద్ధతులపై వచ్చిన 99 అధ్యయనాలను 2018లో ఫ్రెంచ్ పరిశోధకులు క్రోడీకరించారు. నొప్పిని, అలసటను తగ్గించడంలో అన్నిటికంటే మర్దనే ముందుందని అందులో తేలింది. మొత్తం 1,012 మందిపై జరిగిన 29 అధ్యయనాలను 2020లో బ్రిటన్ పరిశోధకులు పరిశీలించారు. మర్దన వల్ల నొప్పి కొంత తగ్గడం, కీళ్లు కొంత సులువుగా వంగడం గమనించారు. బలం, పరుగు వేగం, దూకే సామర్థ్యం పెరిగినట్లు ఆధారాలు లభించలేదు.

గాయపడిన ఎలుకల కాళ్లను యంత్రంతో లయబద్ధంగా నొక్కినప్పుడు కండరాలు మెరుగ్గా కోలుకున్నట్లు 2021లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఇది ఎలుకల్లో గాయం మానడానికి సంబంధించిన ఫలితం. బరువులెత్తే మనిషికి కండ పెరుగుతుందనడానికి దీనిని సాక్ష్యంగా చూపడం తగదు.

కండ పెంచేవి వేరు

క్రమంగా పెంచుకుంటూ పోయే బరువు, చాలినంత మాంసకృత్తులు, నిద్ర.. ఈ మూడే కండను పెంచుతాయి. బరువులెత్తేవారికి ప్రతి కిలో శరీర బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలునని 2018 నాటి ఒక విస్తృత విశ్లేషణ తెలిపింది. ఆ లెక్కన 60 కిలోల వ్యక్తికి 96 గ్రాములు అవసరం. ఒక కోడిగుడ్డులో దాదాపు ఆరు గ్రాములుంటాయి. మిగతాది పప్పు, శనగలు, వేరుశనగ, పాలు, పెరుగు, చేపల నుంచి సమకూర్చుకోవచ్చు. చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు మాలిష్‌కు వెచ్చించే మొత్తాన్ని గుడ్లకు, పాలకు వెచ్చించడమే మేలు. మర్దన ఇంట్లోనూ చేసుకోవచ్చు.

ఎలా చేయాలి?

వ్యాయామం ముగిసి ఒళ్లు చల్లబడ్డాక ఒక్కో భాగానికి పది నిమిషాల మర్దన సరిపోతుంది. మొదట అరచేతులతో తేలికగా నిమిరి, తరువాత కండను వదులుగా పట్టి పిసికి, చివర మళ్లీ నిమరాలి. బిగువు తెలియాలి గాని, పళ్లు బిగబట్టేంత బాధ కలగకూడదు. ఎముకలు, కీళ్లు, వెన్నుపూసలపై నొక్కరాదు. నువ్వుల నూనెయినా, కొబ్బరి నూనెయినా ముఖ్యంగా చేసే పని చర్మంపై ఒరిపిడి తగ్గించడమే. కర్పూరం, పుదీనా పువ్వు కలిపిన తైలాలు చర్మానికి చల్లదనాన్నో, వెచ్చదనాన్నో కలిగించి నొప్పిని కాసేపు మరిపిస్తాయి. పోటీకి ముందు సుదీర్ఘంగా, గట్టిగా మర్దన చేయించుకోరాదు. శరీరాన్ని వేడెక్కించే తేలికపాటి వ్యాయామానికి అది ప్రత్యామ్నాయం కాదు.

ఎప్పుడు చేయరాదు?

బరువు ఎత్తుతుండగా కండరం పుటుక్కున తెగినట్లు అనిపించినా, వెంటనే వాచి కమిలినా ఆ చోట మర్దన చేయరాదు. తొలి రెండు, మూడు రోజుల్లో పిసికితే లోపలి రక్తస్రావం పెరగవచ్చు. తొడపై బలమైన దెబ్బ తగిలిన చోట గట్టిగా రుద్దితే కండరంలో ఎముకలాంటి గడ్డ ఏర్పడే ముప్పు ఉంది. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి నొప్పెడితే రక్తనాళంలో గడ్డ ఉందేమోనని అనుమానించాలి. దానిని రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. జ్వరం, సెగగడ్డలు, తిమ్మిరి ఉన్నప్పుడూ మర్దన మానాలి.

అతిశ్రమ తరువాత మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే కండర కణాలు భారీగా చితికి మూత్రపిండాలకు హాని జరుగుతున్న సూచన కావచ్చు. ఆ స్థితిలో తెల్లవారే వరకు ఆగక ఆసుపత్రికి చేరుకోవాలి.

రెండు వైపులా సమానంగా ఉండి, కదిలే కొద్దీ సర్దుకునే నొప్పి వ్యాయామానిది. ఒకే చోట గుచ్చినట్లుండి, కదిలితే ఎక్కువయ్యే నొప్పి గాయానిది కావచ్చు. మొదటి దానికి మర్దన ఉపశమనం. రెండో దానికి వైద్యుడే శరణ్యం. తాలింఖానాలో చేరిన పిల్లలకు బరువు ఎత్తడం నేర్పే ముందు గురువులు ఈ తేడాను నేర్పవలసి ఉంది.