పాత కంప్యూటరు – బ్యాంకు తలుపు

పాత వస్తువుపై కర్షకునకు మమకారము సహజము. తాతనాటి నాగలి, తండ్రినాటి కాటా నేటికిని పనిచేయుచుండగా క్రొత్తవి కొనుట వృథావ్యయమని పెద్దలు చెప్పుదురు. నాగలి విషయమున నా మాట సత్యమే. కాని యిటీవల మన యిండ్లలోనికి వచ్చిన కంప్యూటరు విషయమున దానిని కొంత విమర్శించి చూడవలసియున్నది.

ఒక సభ్యుని సంగతి యూహింతము. అతడు లక్ష రూపాయల పంట ఋణము తీసికొనెను. గడువులోపల చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వము వడ్డీలో 3 శాతము ప్రోత్సాహకముగా నిచ్చుచున్నది. అనగా సంవత్సరమునకు 3,000 రూపాయలు. గడువు రేపటితో తీరును. ధాన్యము అమ్మిన సొమ్ము ఖాతాలోనే యున్నది. కుమారుడు చదువుకొన్న నాటి కంప్యూటరు తెరచి బ్యాంకు చిరునామా వ్రాయగా, ఈ సంబంధము సురక్షితము కాదను హెచ్చరిక కనబడెను. దాని క్రింద, అయినను ముందునకు పోవుటకు దారియు గలదు. ఇపు డతడేమి చేయవలెను?

ముందుగా బ్యాంకు ఏల తలుపు తీయలేదో తెలిసికొందము. మన కంప్యూటరును బ్యాంకును మాటలాడుకొనునప్పుడు ఇతరులు వినకుండుటకై, ఆ రెండును మొదట నొక రహస్యలిపిపై ఒడంబడిక చేసికొనును. ఈ పద్ధతికి టి.ఎల్.ఎస్. అని పేరు. దీని మొదటి కూర్పు 1999లోను, 1.2 కూర్పు 2008లోను, 1.3 కూర్పు 2018లోను వెలువడినవి. పాత కూర్పులగు 1.0, 1.1 లలో లోపములు బయటపడుటచే, ఇంటర్నెట్ ప్రమాణములు నిర్ణయించువారు 2021 మార్చిలో వానిని త్రోసివేసిరి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 1.0 కూర్పును దాటి యెరుగదు. బ్యాంకు క్రొత్త లిపి నడుగగా, ఇది పాత లిపిని జూపును. ఒడంబడిక కుదరదు.

రెండవ కారణము ధ్రువపత్రము. తాను నిజమైన బ్యాంకేనని చూపుటకు బ్యాంకు వెబ్‌సైటు ఒక పత్రమును చూపును. ఆ పత్రమునకు సాక్షులైన సంస్థల పట్టిక మన కంప్యూటరులో ముందే యుండును. పట్టిక పాతబడినచో నిజమైన పత్రమును గూడ యంత్రము నమ్మదు. 2021 సెప్టెంబరు 30న అట్టి మూలపత్రమొకటి కాలము తీరగా, అనేక పాత యంత్రములు మంచి వెబ్‌సైట్లను గూడ తెరువలేకపోయినవి.

మూడవ కారణము మిక్కిలి స్వల్పమైనది. కంప్యూటరు లోపల రూపాయి బిళ్లవంటి చిన్న బ్యాటరీ యుండును. అది నీరసించినచో గడియారము అనేక సంవత్సరములు వెనుకకు పోవును. అప్పుడు నేటి పత్రములన్నియు దానికి చెల్లనివిగా తోచును. కావున హెచ్చరిక కనబడగానే మొదట తెరమీది తేదీని చూడవలెను. తేదీ సరిదిద్దుటతో తలుపు తెరచుకొన్నచో, లోప మంతమాత్రమే.

ఇక తలుపు తెరచుకొన్నంత మాత్రమున భయము తీరినదని తలంపరాదు. తాళము చెడిన యింటికిని తలుపు తెరచుకొనుచునే యుండును. ఆపరేటింగు సిస్టములో నెప్పటికప్పుడు బయటపడు రంధ్రములను పూడ్చుటకు తయారీదారుడు దిద్దుబాట్లను పంపుచుండును. అవి యాగిన తేదీలను గుర్తుంచుకొనుడు: విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8, విండోస్ 7కు 2020 జనవరి 14, విండోస్ 8.1కు 2023 జనవరి 10. విండోస్ 10కి 2025 అక్టోబరు 14. కడపటిదానికి మాత్రము, ప్రత్యేకముగా నమోదు చేసికొన్న వ్యక్తులకు 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు ప్రకటింపబడెను. క్రోమ్ బ్రౌజరు 2023లో వచ్చిన 110వ కూర్పు నుండి విండోస్ 7, 8.1 లను విడిచిపెట్టెను.

దిద్దుబాటు లేకున్న నేమగునో 2017 సంవత్సరము చూపెను. విండోస్‌లోని యొక రంధ్రమునకు మార్చిలోనే దిద్దుబాటు వెలువడెను. దానిని వేసికొననివారిపై మే 12న వానాక్రై అను దుష్టప్రోగ్రాము విరుచుకుపడి, ఫైళ్లకు తాళము వేసి, సొమ్ము కోరెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లును కొన్ని దానికి చిక్కినవి. రిజర్వు బ్యాంకు సైతము 2018 జూన్‌లో, కాలము తీరిన సిస్టములతో నడచు ఏటీఎంలను 2019 జూన్ నాటికి మార్చవలెనని బ్యాంకుల నాజ్ఞాపించెను. బ్యాంకుల యంత్రమునకు తగని సిస్టము మన సొమ్మునకు తగునా?

కావున మన సభ్యుడు చేయవలసిన దిది. తేదీ సరిగా నున్నను హెచ్చరిక పోనిచో, ముందునకు పోరాదు, పాస్‌వర్డు వ్రాయరాదు. ఆ దినమున బ్యాంకు శాఖకో సంఘ కార్యాలయమునకో పోయి సొమ్ము చెల్లించి రసీదు పుచ్చుకొనవలెను. ఒకపూట కూలి పోవును. 3,000 రూపాయలును, ఖాతాలోని మిగత సొమ్మును దక్కును. దిద్దుబాట్లు సక్రమముగా వచ్చుచున్న స్వంత ఫోనున్నచో దానినుండియు చెల్లింపవచ్చును. తొందరలో పొరుగువాని కంప్యూటరు మీదనో, ఇంటర్నెట్ దుకాణములోనో ఖాతా తెరచుట పాత కంప్యూటరు వాడుటకంటె మేలు కాదు.

పిమ్మట తీరిక వేళ యంత్రమును బాగుచేయించవలెను. ప్రతి పాత యంత్రమును పారవేయ నక్కరలేదు. 64 బిట్ ప్రాసెసరును, 4 గిగాబైట్ల ర్యామును గలదానిపై లినక్స్ మింట్ వంటి యుచిత సిస్టమును వేయించినచో దిద్దుబాట్లు మరల రాసాగును. అంతకుముందు భూమి కాగితముల ప్రతులను, ఫోటోలను వేరొకచోట దాచుకొనుట మరువరాదు. ఏలయన క్రొత్త సిస్టము వేయునప్పుడు పాతవి తుడిచివేయబడును. అంతకంటె పాతదైన యంత్రమును లెక్కలు వ్రాసికొనుటకు మాత్రమే, ఇంటర్నెట్టు తగిలింపక, వాడుకొనవచ్చును.

బ్యాంకు చిరునామాను కూడ సరిచూడుడు. మన దేశపు బ్యాంకుల వెబ్‌సైట్లు 2025 అక్టోబరు 31 లోపల 'బ్యాంక్.ఇన్' అను కొసతో నుండునట్లు మారవలెనని రిజర్వు బ్యాంకు ఉత్తరువు చేసెను. మోసము జరిగినదని తోచినచో క్షణము జాగు చేయక బ్యాంకునకును, 1930 నంబరునకును తెలుపవలెను. ఖాతాదారుని యజాగ్రత్తచే కలిగిన నష్టమును, బ్యాంకునకు తెలుపువరకు అతడే భరింపవలెనని రిజర్వు బ్యాంకు 2017 నాటి యుత్తరువులో నున్నది. ఆలస్యము చేసిన ప్రతి గడియయు మన ఖర్చే.

సోదరులారా! 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు కేంద్ర మంత్రివర్గము 2022 జూన్‌లో అనుమతించెను. మన యిండ్లలోని యంత్రములను గూర్చియే గాక, సంఘములోని యంత్రమునకు దిద్దుబాట్లు వచ్చుచున్నవా యని రాబోవు మహాజన సభలో నడుగుట సభ్యుల హక్కు. గ్రామమున చదువుకొన్న యువకుడొకడు పూనుకొన్నచో పది యిండ్ల పాత కంప్యూటర్లను ఒక్క వారములో బాగుచేయవచ్చును. అతనికి యంత్రము నిండు. పాస్‌వర్డు మాత్రము ఈయకుడు. గాదె కట్టుటకు పదిమంది చేయి వేయవచ్చును. తాళపుచెవి యజమానుని మొలనే యుండవలెను.